రంగమాయన సైకిలు, జపాను ఫోర్కు

మొన్నొక ఆదివారం పొద్దున్నే, మెడిసిన్ చదివే అబ్బాయొకడు సైకిలు నడిపించుకుంటూ మా ఇంటికొచ్చాడు. నెత్తిన హెల్మెట్టు, బిగుతు లాగు, నల్లద్దాలు. వీళ్ళంతా ఒక జట్టుగా చేరి వారం వారం అమరావతి రోడ్డులో తొక్కుతారట. ఇతగాడు ఇటలీలో చేసిన పాత ఫ్రేము ఒకటి సంపాదించాడు. దానికి జపాను గేర్లు వేద్దామనుకుంటే జట్టులో పెద్ద గొడవైందట. ఇటలీ ఫ్రేముకి ఇటలీ సామానే వెయ్యాలి, లేకపోతే పరువు తక్కువని కొందరు. ఏ దేశానిదైతే ఏం, నడిస్తే చాలని కొందరు. "జీవితమంతా సైకిళ్ళే బిగించారు కదా అంకుల్, మీరు చెప్పండి" అన్నాడు.

నేను ఫ్రేము తిరగేసి చూశాను. "మర కలుస్తుందా, సామాను సరిగ్గా బిగుస్తుందా?" అనడిగాను. కలుస్తుందన్నాడు. "అయితే వేసుకో బాబూ" అన్నాను. పాపం, అంత చిన్న జవాబు కోసం అంతదూరం రాలేదతను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. పెద్ద జవాబు నా దగ్గర లేకపోలేదు. కానీ అది గుమ్మంలో నిలబడి చెప్పేది కాదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. గేర్ల సైకిళ్ళ వాళ్ళంతా ఓపికుంటే చదవండి.

నేను గుంటూరులో ఒక సైకిలు షాపులో ఫిట్టర్‌గా చేరి, అక్కడే ముసలివాణ్ణయ్యాను. చేరిన రోజుల్లో మిర్చి యార్డు హమాలీల దగ్గర్నుంచి కాలేజీ లెక్చరర్ల దాకా అందరికీ సైకిలే. షాపులో నేనూ, ఇంకో ఫిట్టరూ ఎదురెదురు పీటల మీద కూర్చుని పనిచేసేవాళ్ళం. ఆయన సాయిబు. పనిలో నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు, ఆ సంగతి రోజూ నాకు గుర్తుచేసేవాడు కూడా. నేను చక్రం బెండు తీస్తుంటే తన పని ఆపి మరీ చూసేవాడు. "ఏరా, చక్రం చేస్తున్నావా, జంతిక చుడుతున్నావా?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఇద్దరం ఒకే టీ గ్లాసు సగం సగం తాగేవాళ్ళం.

పెద్ద యజమాని పోయాక కొడుకు వచ్చాడు. మంచివాడే. కాకపోతే అతనికి సైకిలంటే ఆసక్తి లేదు. ముందు గదంతా అద్దాలు బిగించి కరెంటు స్కూటర్లు పెట్టాడు. మమ్మల్ని వెనకున్న రేకుల షెడ్డులోకి పంపాడు. పని తగ్గింది. ఒకరికి సరిపడా కూడా లేకపోయేసరికి సాయిబు ఒంగోలు వెళ్ళి ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. వెళ్ళేరోజు తన పీట తీసుకెళ్ళలేదు. "ఉండనీ, ఎవడైనా వస్తే కూర్చుంటాడు" అన్నాడు. ఎవరూ రాలేదు.

ఆ తర్వాతి కాలం గురించి ఎలా చెప్పాలో నాకు తెలీదు. పొద్దున యజమాని "ఏం మేస్త్రీ" అనేవాడు. సాయంత్రం "వస్తా మేస్త్రీ" అనేవాడు. మధ్యలో నాతో మాట్లాడింది రేడియో ఒక్కటే. మిర్చి సీజన్లో యార్డు వైపు గాలి తిరిగితే షెడ్డులో కూర్చుని ఒక్కణ్ణే తుమ్మేవాణ్ణి. పక్కన సాయిబు ఉంటే ఆ తుమ్ముకీ ఏదో ఒక వెటకారం ఆడేవాడు. ఇంటికెళ్తే ఇంట్లోవాళ్ళు మాట్లాడతారు, కాదనను. కానీ ఇంట్లో మాట వేరు, పనిలో మాట వేరు. పనిలో మాట లేనివాడికి చేతులు కూడా బరువెక్కుతాయి.

అలాంటప్పుడు వచ్చాడు రంగమాయన.

రంగం అంటే రంగూన్. మా పెద్దవాళ్ళు అలాగే అనేవారు. ఈయన పుట్టింది అక్కడే. బర్మాలో మనవాళ్ళని ఉండనివ్వని రోజుల్లో, ఇంకా గట్టిగా పదేళ్ళు నిండకముందే తల్లిదండ్రులతో ఓడెక్కి వచ్చేశాడు. పెదకాకాని దగ్గర స్థిరపడ్డారు. పెద్దయ్యాక యార్డులో కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. బతుకంతా ఇక్కడే గడిచినా ఊళ్ళో ఆయన అసలు పేరు పిలిచేవాళ్ళు లేరు. చిన్నపిల్లలు కూడా రంగమాయన అనే అంటారు.

ఆయన సైకిలు వాళ్ళ నాన్నది. ఇంగ్లండులో చేసిన ఫ్రేము. ఓడలో బంగారం తేనివ్వలేదు కానీ సైకిలు తేనిచ్చారట. అరవై ఏళ్ళుగా తొక్కిన బండి కాబట్టి ఒక్కొక్కటీ అరిగి, ఇక్కడి సామాను చేరింది. ఆయనకి అది నచ్చదు. ఏ పాత ఇనుము కొట్లోనో, ఏ మిల్లు షెడ్డులోనో ఇంగ్లీషు సామాను వెతికి పట్టుకుని, గుడ్డలో చుట్టుకుని నా దగ్గరికి తెచ్చేవాడు. ఒకసారి పెడళ్ళు, ఒకసారి వెనక హబ్బు, ఒకసారి హ్యాండిలు. "ఇంగ్లీషు ఫ్రేముకి ఇంగ్లీషు సామానే ఉండాలి మేస్త్రీ" అనేవాడు.

మా యజమాని నవ్వేవాడు. "దొరగారి బండి వచ్చిందా మేస్త్రీ? ఆ ఇనుమంతా అమ్మేసి ఈయన్నొక స్కూటరు కొనుక్కోమను" అని గట్టిగా అనేవాడు, ఆయనకి వినపడేలాగే. రంగమాయన పట్టించుకునేవాడు కాదు. వచ్చి సాయిబు పీట మీద కూర్చునేవాడు. నాకు అదే పదివేలు.

నాకు మాత్రం ఆ పట్టుదల అర్థమయ్యేది కాదు. మన ఫ్యాక్టరీలు మొదట్లో ఇంగ్లీషు కొలతలే పట్టుకున్నాయి కాబట్టి మన సామాను ఆ ఫ్రేముకి చక్కగా కూర్చుంటుంది. నడిచే హబ్బు పీకి, అరిగిన ఇంగ్లీషు హబ్బు వెయ్యడం నాకు పనిలా అనిపించలేదు. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "బాబాయ్, మన మిరపకాయ కూడా ఎక్కడినుంచో ఓడలో వచ్చిందేనట. ఇప్పుడది గుంటూరు మిరపకాయ కాలేదూ? సామాను కూడా అంతే అనుకోరాదా?"

"మిరపకాయ మొలిచింది మేస్త్రీ" అన్నాడాయన. "నేనూ ఓడలోనే వచ్చా. ఇంకా రంగమాయన్నే."

ఆ రోజే అసలు సంగతి చెప్పాడు. ఆయనకొక అన్న ఉన్నాడు. వీళ్ళు ఓడెక్కేనాటికే వయసొచ్చినవాడు, అక్కడి అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఇల్లు అమ్మి వెనకాలే వస్తానని ఆగిపోయాడు. మరి రాలేదు. ఉత్తరాలు కొన్నాళ్ళు నడిచి ఆగిపోయాయి. ఇన్నేళ్ళ తర్వాత, అక్కడి తెలుగువాళ్ళ గుంపొకటి ఫోన్లో తగిలి, వాళ్ళ ద్వారా అన్న దొరికాడు. మంచాన ఉన్నాడు. ఎక్కువ రోజులుండడని అన్న కూతురు చెప్పింది. మొదటిసారి ఫోన్లో మొహాలు చూసుకున్నప్పుడు ఇద్దరూ ఏడ్చారట. ఏడుపయ్యాక అన్న అడిగింది ఒకటే. "నాన్న సైకిలుందిరా?"

"ఉందన్నాను. చూపించమన్నాడు. రిపేర్లో ఉందని అబద్ధమాడాను" అన్నాడు రంగమాయన. "ఎలా చూపించను మేస్త్రీ? ఏది చూసినా ఇక్కడిదే. మనిషెటూ మారిపోయాను, నన్ను చూసి వాడు పోల్చుకోలేకపోయాడు. కనీసం నాన్న బండి అయినా అక్కణ్ణుంచి వచ్చింది వచ్చినట్టు ఉండాలి. నాన్న సొత్తు భద్రంగానే ఉంచా అన్నయ్యా అని ఒక్కమాట చెప్పుకోవాలి. వాడు పోయేలోగా."

ఆ మాట తర్వాత నేను వాదించడం మానేశాను. నిజం చెప్పొద్దూ, ఆయనకంటే నాకే తొందరెక్కువైంది. ఒంగోలుకి ఫోన్ చేసి సాయిబుకి కూడా చెప్పాను. "ఇంగ్లీషు సామాను కావాలా? నీ మొహానికి ఫ్రీవీలు కూడా సరిగా బిగించడం రాదు" అని తిట్టి, తనకి తెలిసిన పాత కొట్లన్నిటికీ ఫోన్లు చేశాడు.

ఇక మార్చకుండా ఉంచింది ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే కొమ్ములు. అది అన్నాళ్ళూ ఇంగ్లీషుదనే అనుకున్నాం. రంగు వెయ్యడానికని ఉప్పుకాగితం పెట్టి రుద్దుతుంటే, నల్లరంగు పొరల కింద అక్షరాలు పైకొచ్చాయి. జపానులో చేసినట్టు ముద్ర.

రంగమాయన మొహం చూడలేకపోయాను. ఎర్రబడిపోయింది. "చూశావా, చూశావా! ఇది మీ గుంటూరు వాళ్ళ పనే" అన్నాడు. ఓడ దిగి వచ్చిన కొత్తలో వాళ్ళ నాన్న బండిని ఒక షాపులో బాగుచెయ్యడానికి ఇచ్చాడట. కొన్నాళ్ళు అక్కడే ఉంచేశారట. "మంచి ఫోర్కు లాక్కుని ఏదో చెత్త తగిలించారు. దిక్కులేనివాళ్ళం, అడిగేవాడు లేడని. వచ్చిన మొదటి నెలలోనే మా నాన్నని ఈ ఊరు దోచుకుంది మేస్త్రీ."

అది నా షాపు కాదు, నేనప్పటికి పుట్టి కూడా ఉండను. అయినా తలొంచుకున్నాను. ఒకటి మాత్రం అన్నాను. "బాబాయ్, ఫోర్కు గట్టిగా ఉంది. మర కొంచెం తేడా ఉంటే లోపల రేకు ముక్క చుట్టి ఎవరో భలే శ్రద్ధగా బిగించారు. చెడగొట్టేవాడు చేసే పని కాదిది. ఉండనిద్దాం."

"తీసెయ్" అన్నాడు.

తీసేశాను. సాయిబు చెప్పిన జాడ పట్టుకుని పొన్నూరులో ఒక మూతపడ్డ రైసుమిల్లు వెనక ఇంగ్లీషు ఫోర్కు దొరికించుకుని వచ్చాడు రంగమాయన. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. బిగించాను. బోర్డులు రాసే ఆయన చేత నల్లరంగు మీద బంగారు గీతలు లాగించాం. అన్నీ అయ్యాక బండిని షెడ్డు మధ్యలో నిలబెడితే నాకే ముచ్చటేసింది. హ్యాండిలు నుంచి వెనక చక్రం దాకా ఒక్క మేకంత కూడా పరాయిది లేదు. మా యజమాని కూడా వచ్చి చూసి, స్కూటరు మాట ఎత్తకుండా వెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డులోంచే ఫోన్ చేశాం. ఆయన బండి పట్టుకుని నిలబడితే ఫోన్ నేను పట్టుకున్నాను. తెర మీద ఒక బక్కచిక్కిన ముసలాయన, దిండుకి ఆనుకుని. పక్కన కూతురు. ఆ ముసలాయన తెలుగు ఆగి ఆగి వచ్చేది, కానీ శుభ్రంగా ఉంది, మా తాతల కాలం మాటలా.

"అన్నయ్యా, చూడు" అన్నాడు రంగమాయన. నేను ఫోన్ని బండి చుట్టూ మెల్లగా తిప్పాను. అటువైపు కూతురు ఫోన్ని ముసలాయన కళ్ళకి దగ్గరగా జరిపింది.

"ఇది మనది కాదురా" అన్నాడు అన్న.

"మనదే అన్నయ్యా! నాన్నదే!"

"కాదురా. మనదానికి ముందు కొమ్ములు జపానువి. యుద్ధం అయ్యాక, పాతవి విరిగితే నాన్న సంతలో కొన్నాడు. నేను కాస్త పెద్దయ్యాక అవి వదులైతే నేనే రేకు ముక్క కోసి చుట్టాను. వేలు కూడా తెగింది. ఆ కొమ్ములు వంపు తక్కువ, దూరాన్నుంచే తెలిసేది. వీధిలో నాన్న వస్తుంటే దాన్ని చూసే పోల్చుకునేవాణ్ణి."

ఆ రేకు ముక్కని నా చేతులతో నేనే తీశాను. ఆయన చెప్పినది అక్షరాలా నిజమని ఆ షెడ్డులో నాకు తెలుసు. రంగమాయన ఏదో చెప్పబోయేలోగా ఫోన్ కట్టయిపోయింది. అక్కడ నెట్టు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు.

"మేస్త్రీ, ఆ ఫోర్కు ఏదీ?" అన్నాడు.

షాపులో పద్ధతేమిటంటే, తీసేసిన సామాను మూలన ఒక గుట్టగా పడేస్తాం. గుట్ట పెరిగితే పాత ఇనుము బండి వచ్చి తీసుకెళ్తుంది. అది వచ్చి వెళ్ళిపోయింది. ఇద్దరం ఆటోలో ఆ కొట్టుకి పరిగెత్తాం. కొట్టువాడు లారీ నిండి కొలిమికి వెళ్ళిపోయిందని చెప్పాడు. అయినా నమ్మబుద్ధి కాక, ఎండలో ఆ ఇనుప గుట్టల మధ్య సాయంత్రం దాకా వెతికాం. బోలెడు ఫోర్కులున్నాయి. అది లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో రంగమాయన ఒక్కమాటే అన్నాడు. "ఈ ఊరు మమ్మల్నేం దోచుకోలేదు మేస్త్రీ. ఉత్త పుణ్యానికి నోరు పారేసుకున్నా."



నాలుగైదు రోజుల తర్వాత లైను కలిసింది. ఈసారి రంగమాయన షెడ్డులో ఉండగా అటునుంచే వచ్చింది. అన్న మొహం ఇంకా పీక్కుపోయింది. రంగమాయన జరిగిందంతా చెప్పుకుందామని సిద్ధపడి ఉన్నాడు. కానీ అన్నే ముందు అందుకున్నాడు.

"ఒరేయ్, నాన్నది పోయిందా? పోతే పోయిందిలేరా. ఇన్నేళ్ళు ఎవరిది మాత్రం ఉంటుంది? నేను బాధపడతానని దాచావు కదూ? కొత్తది భలేగా ఉంది. ఎప్పుడు కొన్నావ్?"

రంగమాయన నా వైపు చూశాడు. అది నాన్నదే అంటే, నాన్న చేతి సామాను, అన్న చేతి రేకు తనే పీకి పారేశానని చెప్పుకోవాలి. ఆ మంచం మీదున్న మనిషికి ఆ మాట ఎలా చెబుతాడు? కన్నీళ్ళు తుడుచుకోలేదు. నవ్వడానికి ప్రయత్నించాడు.

"మొన్నే కొన్నానన్నయ్యా. కొత్తదే" అన్నాడు.

ఒక మనిషి తన ఆస్తిని అంత తేలిగ్గా వదులుకోవడం నేనెక్కడా చూడలేదు.

"ఏదీ, తొక్కి చూపించు" అన్నాడు అన్న.

షెడ్డు వెనక ఒక ఖాళీ స్థలం ఉంది, పత్తి లారీలు తిప్పుకునే జాగా. రంగమాయన పంచె ఎగ్గట్టి బండెక్కాడు. నేను ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. ఆయన గుండ్రంగా ఒక చుట్టు, ఇంకో చుట్టు తొక్కుతున్నాడు. దూరంగా ఉన్నాడు కాబట్టి ఆయనకి ఫోన్లో మాట వినపడదు. ఫోన్లో ముసలాయన మెల్లగా నవ్వడం నాకు వినపడింది.

"ఎవరు బాబూ ఫోన్ పట్టుకుంది? నీకు చెబుతున్నా చూడు. సైకిలు మాది కాదు గానీ, తొక్కేవాడు మాత్రం మావాడే. ఎడం పక్కకి ఎలా ఒరుగుతున్నాడో చూడు. పొట్టిగా ఉండేవాడు, సీటు అందేది కాదు. పై గొట్టం కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేనే నేర్పాను. ఆ ఒరుగుడు ఇంకా పోలేదు. మొన్న మొహం చూస్తే వీడెవడో అనిపించింది. ఇప్పుడు నా తమ్ముడే."

రంగమాయన దిగి రొప్పుకుంటూ వచ్చేసరికి తెర మీద బొమ్మ ఆగిపోయింది. "అన్నయ్యా, అన్నయ్యా" అని పిలిచాడు. పలకలేదు. "ఏమన్నాడు మేస్త్రీ?" అనడిగాడు. చెప్పాను. నమ్మలేనట్టు చూశాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

తర్వాత ఆ లైను కలవలేదు. కొన్నాళ్ళకి కూతురు రాసిన నాలుగు ముక్కలు వచ్చాయి, అన్న పోయాడని. ఆ సంవత్సరమే నేనూ పని మానేశాను. షెడ్డు తీసేసి అక్కడ స్కూటర్లకి చార్జింగు పెట్టారు. సాయిబు పీట నేను ఇంటికి తెచ్చుకున్నాను. ఒంగోలు నుంచి వచ్చినప్పుడు అడిగాడు కానీ ఇవ్వలేదు.

రంగమాయన ఇప్పటికీ మా ఇంటికి వస్తాడు. టైర్లలో గాలి చూడమంటాడు. గాలి బాగానే ఉంటుంది. చైనుకి నూనె రాయమంటాడు. రాస్తాను. కాఫీ తాగి, ఆ పీట మీద కూర్చుని, ఇంకేం మాటలు లేనప్పుడు, "ఆ రోజు అన్నయ్య ఏమన్నాడన్నావ్ మేస్త్రీ?" అంటాడు. ఆ మాట చెవులారా విన్నది ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే. ఆయన కోసం దాన్ని ఒక్క ముక్క పోకుండా, ఆ ఆగి ఆగి వచ్చే పద్ధతిలోనే చెబుతాను. కొత్తగా విన్నట్టు వింటాడు.

"నిజంగా తమ్ముడే అన్నాడా?"

"అన్నాడు బాబాయ్."

అప్పుడు లేస్తాడు. పంచె సర్దుకుని బండెక్కుతాడు. నేను గేటు దాకా వెళ్ళి, మలుపు తిరిగేదాకా చూస్తాను. నిజమే, ఎడం పక్కకే ఒరుగుతాడు.